రెండు కొసలూ కత్తిరించిన వంతెన

మునగలపూడి పురపాలక సంఘం కమిషనర్ జితేంద్రనాథ్ గారు రాజధానిలో శిక్షణ తరగతులకు వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు అందరిలాగా స్వీటు పొట్లం తీసుకురాలేదు. ఒక ఆలోచన తీసుకొచ్చారు. స్వీట్లయితే ఒక పూటలో అయిపోయేవి.

ఆ శిక్షణలో ఎవరో శాస్త్రవేత్త, ఒకావిడ, మనిషి ఒంట్లోని కణం గురించి బొమ్మలు చూపిస్తూ మాట్లాడారట. మిగతా అధికారులు భోజనాల తర్వాత కునుకు తీస్తుంటే మన కమిషనర్ గారొక్కరే మెలకువగా ఉన్నారు. అదే మునగలపూడి చేసుకున్న పాపం.

మర్నాడు పొద్దున్నే సిబ్బందినంతా హాల్లో కూర్చోబెట్టి ఆయన చెప్పారు.

“మన ఒంట్లో ప్రతి కణానికీ నడుమ ఒక కేంద్రకం ఉంటుంది. అదే హెడ్డాఫీసు. అక్కడ చిన్న ఆర్ఎన్ఏలని కొన్ని తయారవుతుంటాయి. పుట్టినప్పుడు ఇంత పొడుగు. పుట్టగానే జడపిన్నులా మడతపడతాయి. అప్పుడొక కత్తెర వచ్చి రెండు కొసలూ కత్తిరిస్తుంది. ఆ తర్వాత గోడలో రంధ్రం. కాపలావాడు చూసి, సరిగ్గా ఉంటేనే బయటకు వదులుతాడు. బయట ఇంకో కత్తెర. ఆఖరికి మిగిలేది సుమారు ఇరవై రెండు అక్షరాలు. గమనించారా? ఎక్కడా ఆలస్యం లేదు. ఎక్కడా జనం గుమిగూడరు. సృష్టి మొదలైనప్పటి నుంచి ఒక్క ఫైలు పెండింగు లేదు.”

“అవి ఏం చేస్తాయి సార్?” అని మేనేజరు పార్థసారథి గారు అడిగారు. అడగడం ఆయన ఉద్యోగంలో భాగం.

“అక్కడే ఉంది రహస్యం. వాటి వల్ల ఏదీ తయారవదు. కేంద్రకం నుంచి పెద్ద పెద్ద ఉత్తర్వులు బయటకు వెళ్తుంటాయి కదా, ఈ చిన్న ముక్క తనకు జత కుదిరే ఉత్తర్వు ఎక్కడుందో వెతికి పట్టుకుంటుంది. పట్టుకుని దాని నోరు మూయిస్తుంది. దాన్నే నియంత్రణ అంటారు. మన దగ్గర లేనిది అదే. ఇకమీదట ఈ కార్యాలయానికి వచ్చే ప్రతి అర్జీనీ కేంద్రక విధానంలో ప్రాసెస్ చేస్తాం.”

అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే ఒక చప్పట ఆలస్యంగా ఆపినవారు సీనియర్ అసిస్టెంటు సోమశేఖరం గారు.

సోమశేఖరం గారు మెత్తని మనిషి. పొద్దున్నే విష్ణు సహస్రనామం చదవనిదే కాఫీ ముట్టరు. పైఅధికారి ఆజ్ఞ వెనక కూడా దైవ సంకల్పం ఏదో ఉండే ఉంటుందని నమ్ముతారు. ఎంత ఆలోచించినా ఆ సంకల్పం కనిపించకపోతే, తన చూపే ఆనలేదేమో అనుకుంటారు. అందుకే ఆయన్ని కత్తెర విభాగానికి అధిపతిని చేశారు. కొత్త కత్తెర, దాన్ని పెట్టుకోవడానికి వెల్వెట్ పెట్టె ఇచ్చారు. ఇంటికి తీసుకెళ్లి పసుపు కుంకుమ పెట్టి తెచ్చుకున్నారాయన.

కార్యాలయం తలుపులు జనానికి మూసేశారు. కాంపౌండు గోడకు రొమ్మెత్తున ఒక రంధ్రం పెట్టించి, దాని పక్కన అటెండర్ మస్తాన్‌ను కూర్చోబెట్టారు. బయటి మనిషి అర్జీని జడపిన్నులా మడిచి రంధ్రంలోంచి లోపలికి తోయాలి. మడత సరిగ్గా లేకపోతే మస్తాన్ బయటకు తోసేస్తాడు. కణంలో సరుకు లోపలి నుంచి బయటకు కదా వెళ్లేది, మనం బయటి నుంచి లోపలికి తోయిస్తున్నామేమిటని ఎవరూ అడగలేదు. పార్థసారథి గారు అడగబోయి, తన వంతు అడగడం ఆ నెలకు అయిపోయిందని ఊరుకున్నారు.

సోమశేఖరం గారికి పని తొందరగానే చేతికొచ్చింది. ఎవరి అర్జీ అయినా ‘మహారాజరాజశ్రీ’తో మొదలై ‘తమ విధేయుడు’తో ముగుస్తుంది. పైనా కిందా కత్తిరించేస్తే నడుమ ఏడుపు మాత్రం మిగులుతుంది. దాన్ని ఇరవై రెండు అక్షరాలకు కుదించడంలోనే నేర్పంతా. సాయంత్రాలు ఇంటికి వచ్చి భార్య కామేశ్వరికి చెప్పుకుని మురిసిపోయేవారు.

“ఇవాళ చేపల బజారు వాళ్లది నాలుగు పేజీలు వచ్చింది కామేశ్వరీ. ఎంత అందంగా తెగిందనుకున్నావ్.”

“తెగితే మీకేం ఆనందమండీ? వాళ్లకి నీళ్లొచ్చాయా?”

“అది వేరే విభాగం.”

కామేశ్వరికి అంతకంటే పెద్ద దిగులే ఉంది. వాళ్లుండేది అద్దకాల వీధి. గుడ్డలకు రంగులద్దే వాళ్ల ఇళ్లు ఎక్కువ ఆ వీధిలో. వీధికీ మెయిన్ రోడ్డుకూ నడుమ మురుగు కాలువ. దాని మీదున్న పాత వంతెన కిందటి వానల్లో కూలిపోయింది. అప్పటి నుంచీ అందరూ ఒక తాటి దుంగ మీద నడిచి దాటుతున్నారు. అలవాటు పడ్డ కాళ్లకు అది పెద్ద కష్టం కాదు. కానీ కూతురు హైమ పురిటికి పుట్టింటికి వచ్చింది. బీపీ ఎక్కువగా ఉంది, నొప్పులు మొదలైతే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురావాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నూటెనిమిది బండి కాలువ అవతలే ఆగిపోతుంది. నిండు చూలాలు తాటి దుంగ మీద ఎలా దాటుతుంది?

నిజానికి కొత్త వంతెన మంజూరైంది. ఉత్తర్వు టైపయి, సంతకం కూడా అయి, బయటకు వెళ్లడానికి సిద్ధంగా ఉంది. ఆ సంగతి సోమశేఖరం గారికి తెలుసు గానీ, బయటకు వెళ్లని ఉత్తర్వు గురించి చెప్పకూడదు కనుక వీధిలో వాళ్లకు తెలియదు. వాళ్లంతా కలిసి ఒక పొడుగాటి అర్జీ రాసుకుని సోమశేఖరం గారింటికే వచ్చారు.

“బాబాయ్ గారూ, మీరుండగా మేం ఆ కన్నం దగ్గర నిలబడాలా? మీ చేతుల మీదుగా వెళ్తే ఆ బలమే వేరు” అన్నాడు అద్దకం పని చేసే సుబ్బారాయుడు.

సోమశేఖరం గారు కాదనలేదు. మంజూరైన పనికి మళ్లీ అర్జీ ఎందుకని తోచినా, దేవుడికి తెలిసిన కష్టాన్నే మనం రోజూ దేవుడికి చెప్పుకోవడం లేదా అని సర్దిచెప్పుకున్నారు. మర్నాడు ఆ అర్జీని అన్నిటికంటే ముందు తీసి, అన్నిటికంటే శ్రద్ధగా కత్తిరించారు. ఒక్క అక్షరం ఎక్కువ లేదు, తక్కువ లేదు.

‘మా అద్దకాల వీధిలో కాలువ మీద వంతెన కట్టించవలెను.’

ముక్కను కళ్లకద్దుకుని జతలు కుదిర్చే విభాగానికి పంపారు.

మధ్యాహ్నం భోజనాల వేళకు పార్థసారథి గారు తన గదిలోంచి లేచి వచ్చి మరీ భుజం తట్టారు.

“ఏం కత్తిరించారండీ సోమశేఖరం గారూ. ఇంతవరకూ వచ్చిన ముక్కలన్నీ అరకొరగా కుదిరినవే. మీదే మొదటిసారి పూర్తిగా అతికింది. అద్దకాల వీధి, కాలువ, వంతెన, అన్నీ ఉన్నాయి. ఇట్టే దొరికేసింది.”

“ఏం దొరికింది సార్?”

“వంతెన ఉత్తర్వే. జత కుదిరింది కదా, నోరు మూయించేశాం. నిలుపుదల ఉత్తర్వు కూడా తయారు చేయించాను. కమిషనర్ గారు చాలా సంతోషించారు.”

సోమశేఖరం గారి చేతిలోని పెరుగన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చేయి కడుక్కుని నేరుగా కమిషనర్ గారి గదిలోకి వెళ్లారు. సర్వీసులో మొదటిసారి, పిలవకుండా.

“సార్, వంతెన కావాలని రాసుకున్నారు సార్ వాళ్లు. వద్దని కాదు.”

“కావాలా, వద్దా అన్నది అర్థానికి సంబంధించిన విషయం” అన్నారు కమిషనర్ గారు ఓపికగా. “మన విధానం అర్థం జోలికి పోదు. జత కుదిరిందా లేదా, అంతే. అయినా మేం వేరేవాళ్ల వంతెన ఆపామా? అడిగినవాళ్లదే కదా ఆపింది. ఇంతకంటే ప్రజాభిప్రాయాన్ని ఏ కార్యాలయం గౌరవిస్తుంది?”

“మా అమ్మాయి పురిటికొచ్చింది సార్. ఏడో నెల.”

“శుభం. కణ విభజన అనేది ప్రకృతి ధర్మం” అని దీవించి, బెల్లు కొట్టారు.

ఆ సాయంత్రం సంధ్యాదీపం దగ్గర సోమశేఖరం గారు చాలాసేపు కూర్చున్నారు. కణాన్ని చేసినవాడు ఎవడో ఒకడున్నాడు కదా. ఆయన అక్కడ కత్తెర పెట్టాడంటే ఏదో ఎరిగే పెట్టి ఉంటాడు. మరి అదే కత్తెర మా ఆఫీసుకు వచ్చేసరికి ఇలా ఎందుకు తెగుతోంది? అడిగినవాడిదే ఎందుకు తెగుతోంది? స్వామి పటం ఎప్పటిలాగే చిరునవ్వుతో ఉంది.

కామేశ్వరి వంటింట్లోంచి అంటోంది. “కావాలంటే తీసేస్తున్నారుగా. వద్దని రాసిస్తే పోలా? కట్టి చస్తారు.”

ఆవిడ కడుపుమంటతో అన్న మాట అది. కానీ సోమశేఖరం గారు తల తిప్పి అటే చూస్తూ ఉండిపోయారు.

మర్నాడు సుబ్బారాయుడి పేరుతో ఇంకో అర్జీ లోపలికి వచ్చింది. ఈసారి కత్తిరించడానికి ఏమీ లేదు. అది వచ్చేటప్పుడే సరైన కొలతకు వచ్చింది.

‘మా అద్దకాల వీధిలో కాలువ మీద వంతెన ఎప్పటికీ వద్దు.’

‘వద్దు’ అన్న మాట ఉన్నది నిలుపుదల ఉత్తర్వులోనే కాబట్టి, ముక్క వెళ్లి దానికి చక్కగా అతుక్కుంది. నిలుపుదల ఉత్తర్వు నోరు మూతపడింది. వంతెన ఉత్తర్వుకు మళ్లీ ప్రాణం వచ్చింది. ఆ పూట సోమశేఖరం గారు దేవుడి దగ్గర ఒక వత్తి ఎక్కువ వేసి, “అబద్ధం రాయించాను స్వామీ, రాసింది వాడైనా పాపం నాది” అని చెంపలు వేసుకున్నారు.

ఈ కిటుకు మస్తాన్ నోట గోడ దాటింది. గోడ దాటితే ఊరు దాటడానికి ఎంతసేపు? చేపల బజారు వాళ్లు మాకు నీళ్లొద్దన్నారు. రైలుపేట వాళ్లు వీధి దీపాలంటే అసహ్యమన్నారు. బడి పిల్లల తల్లిదండ్రులు, పైకప్పు లేని బడే మాకు ముద్దన్నారు. వద్దన్న అర్జీలన్నిటినీ చూసి కమిషనర్ గారి కళ్లు చెమ్మగిల్లాయి. పైకి ఒక నివేదిక పంపారు. ‘కేంద్రక విధానం అమలుతో పౌరులలో కోరికలు నశించినవి. ఋషులు సాధించలేనిది పురపాలక సంఘము సాధించినది.’ పైనుంచి అభినందనలు వచ్చాయి. కోరికలు లేని ఊరికి నిధులెందుకని వచ్చే ఏటి గ్రాంటు కూడా ఆపేశారు.

అద్దకాల వీధి వంతెనకు మాత్రం పాత ఏడాది డబ్బు ఉంది. ఇంక పని మొదలవడమే తరువాయి అనుకున్నారు సోమశేఖరం గారు. అంతలో ఆ ఉత్తర్వు ఆయన బల్ల మీదికే వచ్చింది.

“ఇదెందుకొచ్చింది సార్ నా దగ్గరికి?” అని పార్థసారథి గారిని అడిగారు.

“ఒకసారి నోరు మూతపడి మళ్లీ లేచిన ఉత్తర్వు కదండీ. కొత్తగా పుట్టినట్టే లెక్క. కొసలు కత్తిరించకుండా ఏదీ బయటకు వెళ్లకూడదన్నారు కమిషనర్ గారు. పైనొక ముక్క, కిందొక ముక్క తీసెయ్యండి. సాయంత్రానికల్లా కావాలి.”

“ఇది అర్జీ కాదు సార్, ఉత్తర్వు.”

“కత్తెరకు తేడా ఉందాండీ?”

ఆ మధ్యాహ్నం సోమశేఖరం గారు కత్తెర పట్టుకుని ఆ కాగితం ముందు కూర్చున్న తీరు చూస్తే, మస్తాన్‌కు శస్త్రచికిత్స చేసే డాక్టరు గుర్తొచ్చాడట. ఉత్తర్వులో అసలైన మాటలు మూడే. మొదటిది, వంతెన మెయిన్ రోడ్డు గట్టు నుంచి మొదలుకావలెను. రెండోది, కాలువలో నాలుగు దిమ్మెలు కట్టి వాటి మీద సిమెంటు స్లాబు వేయవలెను. మూడోది, వంతెన అద్దకాల వీధి గట్టును ఆనవలెను.

దిమ్మెలు తీసేస్తే వంతెన నిలవదు. స్లాబు తీసేస్తే నడవడానికి ఉండదు. ఆ నడిమి మాట ముట్టుకుంటే కొంప మునుగుతుంది. మొదటి మాటా చివరి మాటా మాత్రం ఆయనకు ఊరికే రాసినట్టు కనిపించాయి. వంతెన అన్నాక ఈ గట్టున మొదలవదా? ఆ గట్టును ఆనదా? అది కూడా ఎవరైనా చెప్పాలా? పనికిరాని మాటలే తెగుతున్నందుకు దేవుడికి దండం పెట్టుకుని, పైనా కిందా నిదానంగా కత్తిరించారు.

కాంట్రాక్టరు కాగితంలో ఉన్నదే చేసే మనిషి. కాగితంలో లేనిది చేస్తే బిల్లు రాదని అనుభవం మీద తెలుసుకున్నవాడు. కాలువ నడుమ నాలుగు దిమ్మెలు లేచాయి. వాటి మీద నున్నటి స్లాబు పడింది. రెండు పక్కలా కడ్డీలు బిగించి ఆకాశం రంగు వేశారు. ఈ గట్టుకు మనిషి పొడుగంత దూరం. ఆ గట్టుకూ అంతే.

సోమశేఖరం గారు గట్టు మీద నిలబడి దాన్ని చూశారు. 

“బాబాయ్ గారూ” అన్నాడు సుబ్బారాయుడు, “ఇదివరకు ఒక దుంగ చాలేది. ఇప్పుడు అటొకటి, ఇటొకటి, రెండు కావాలి.”

కమిషనర్ గారికి మాత్రం వంతెన ఎంతో నచ్చింది. “చూశారా, కేంద్రకంలో కూడా అన్నీ ఇలాగే దేన్నీ తాకకుండా తేలుతుంటాయి” అని ప్రారంభోత్సవం పెట్టించారు. శిక్షణలో మాట్లాడిన ఆ శాస్త్రవేత్తనే ముఖ్య అతిథిగా పిలిపించారు. రోడ్డు గట్టు నుంచి స్లాబు మీదికి మునిసిపల్ గోదాములోంచి తెచ్చిన పెద్ద చెక్క బల్ల వేశారు. వీధి వైపు పాత తాటి దుంగే.

కమిషనర్ గారు బల్ల మీద నడిచి స్లాబు ఎక్కారు. ఆయన కుర్చీ, మైకు కూడా ఎక్కాయి. శాస్త్రవేత్త రానన్నారు. రోడ్డు గట్టు మీదే నిలబడి అంతా చూసి, పక్కనున్న సోమశేఖరం గారిని నెమ్మదిగా అడిగారు.

“కణంలో కత్తెర ఊరికే పడదండీ. మడత ఎక్కడుందో కొలుచుకుని, అక్కడే పడుతుంది. పొరపాటున తెగిన ముక్కల్ని చాలామటుకు బయటకు రానివ్వకుండా కణమే లోపల నమిలేస్తుంది. మీరు ఏది చూసుకుని కత్తిరించారు?”

“పనికిరాదనుకున్నది చూసి కత్తిరించానమ్మా” అన్నారు సోమశేఖరం గారు తల వంచుకుని. “గట్టే పనికిరాదనుకున్నాను.”

మైకులో కమిషనర్ గారు కోరికలు లేని పట్టణం గురించి మొదలుపెట్టారు. అప్పుడే వీధిలోంచి కామేశ్వరి కేక వినిపించింది. హైమకు నొప్పులు మొదలయ్యాయి.

తర్వాత జరిగిందంతా ఒక్క ఊపులో జరిగింది. మస్తాన్ నూటెనిమిదికి ఫోను చేశాడు. సోమశేఖరం గారు బల్లా, స్లాబూ, దుంగా దాటి ఇంటికి పరుగెత్తారు. సుబ్బారాయుడూ, ఇంకో నలుగురూ నడుముల లోతు మురుగులోకి దిగి తాటి దుంగకు ఇరువైపులా భుజాలు ఆనించారు. హైమ ముందు తల్లి చేయీ, వెనక తండ్రి చేయీ పట్టుకుని, దుంగ మీద పాదం పాదం వేసుకుంటూ స్లాబు మీదికి వచ్చింది.

“ఏమిటిది? ప్రసంగం నడుస్తోంది” అన్నారు కమిషనర్ గారు మైకు చేత్తో మూసి.

“దారివ్వండి సార్, పెద్ద ఉత్తర్వు బయటకు వెళ్తోంది” అన్నాడు మస్తాన్.

ఆయన కుర్చీలోనే హైమను కూర్చోబెట్టి, బల్ల మీదుగా రోడ్డు గట్టుకు చేర్చారు. బండి వచ్చింది. కానీ గట్టుకూ బండికీ నడుమ, వంతెన పనికి తవ్వి పూడ్చకుండా వదిలేసిన గుంట ఉంది. దాన్నిండా బురద. చుట్టూ తిరిగి పోవడానికి వ్యవధి లేదు.

“సోమశేఖరం గారూ, బల్ల తియ్యమంటారా?” అన్నాడు మస్తాన్.

సోమశేఖరం గారు ఒక్కసారి వెనక్కి చూశారు. వీధి వైపు దుంగ, భుజాలు తీసేయగానే కాలువలోకి జారి ఒక కొస మునిగిపోయి ఉంది. స్లాబు మీద కమిషనర్ గారొక్కరే మైకు పట్టుకుని నిలబడి ఉన్నారు.

“తియ్యి” అన్నారు.

బల్ల గుంట మీద పడింది. హైమ ఎక్కింది, కామేశ్వరి ఎక్కింది, దోవలో తోడుగా ఉంటానని శాస్త్రవేత్త కూడా ఎక్కారు. బండి తలుపు పట్టుకుని సోమశేఖరం గారు లోపలికి కాలు పెట్టబోతుంటే మైకులోంచి పిలుపు వచ్చింది. ఊరంతా వినిపించింది.

“సోమశేఖరం గారూ, నేను ఎటు నుంచి దిగాలి?”

సర్వీసులో పైఅధికారి మాటకు బదులు చెప్పకుండా వెళ్లిన మనిషి కాదాయన. ఆగారు. చేతులు జోడించి, మామూలుగా ఆఫీసులో చెప్పినంత వినయంగా చెప్పారు.

“అర్జీ పెట్టుకోండి సార్. ఇరవై రెండు అక్షరాలు దాటకుండా.”

బండి మలుపు తిరిగేటప్పుడు వెనక అద్దంలోంచి చూస్తే, ఆకాశం రంగు కడ్డీల నడుమ కమిషనర్ గారు మైకు చంకలో పెట్టుకుని, వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంటున్నారు. ‘కావాలి’ అని రాయాలా ‘వద్దు’ అని రాయాలా అన్న దగ్గర ఆగిపోయి, మళ్లీ మొదటి వేలి నుంచి మొదలుపెట్టారు.